మన్ను నుంచి మన్నుకు

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మైకు ముందు నేను ఎప్పుడు నిలబడినా కరువు భత్యం బకాయిల గురించో, లైఫ్ సర్టిఫికెట్ల గురించో మాట్లాడటం మీకు అలవాటు. ఈసారి కార్యదర్శి గారు "చవితి దగ్గర పడుతున్నది, పండుగను పర్యావరణానికి హాని లేకుండా చేసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పండి" అని ఆజ్ఞాపించారు. నేను శాస్త్రవేత్తను కాను, పురోహితుణ్ణి అంతకంటే కాను. రెవెన్యూ శాఖలో 36 ఏళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా ఇంటికి వచ్చిన గుమాస్తాను. గుమాస్తాకు తెలిసిన విద్య ఒక్కటే. ముందు కాగితాలన్నీ వరుసలో పెట్టాలి, ఆ తర్వాత నోటు రాయాలి. ఇప్పుడూ అదే చేస్తాను. కాకపోతే ఈ ఫైలులో ఒక కాగితం నా మీద నేనే పెట్టుకున్న ఫిర్యాదు. దాన్ని దాచకుండా చదువుతాను.

నా ఉద్యోగం 1973లో మహబూబాబాద్‌లో మొదలైంది. అప్పుడూ ఇప్పుడూ మనకది మానుకోటే. ఆ తర్వాత భూపాలపల్లి వైపు కొన్నేళ్లు, చివరికి జనగామ. అప్పట్లో ఈ మూడూ ఒకే వరంగల్ జిల్లా. 2016 అక్టోబరు 11న మూడు జిల్లాలయ్యాయి. బోర్డులు మారాయి గానీ నేల మారలేదు. మానుకోట వైపు వెళితే బయ్యారం చెరువు ఉంది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిందని అక్కడి శాసనం చెబుతుంది. భూపాలపల్లి పక్కన గణపురంలో ఆ చక్రవర్తి పేరుతోనే గణపసముద్రం ఉంది. మన జనగామ మెట్ట ప్రాంతం. దేవాదుల ఎత్తిపోతల ద్వారా గోదావరి నీళ్లు రాకముందు వానా, చెరువూ, బావీ తప్ప మనకు దిక్కు లేదు. మూడు జిల్లాలకూ ఉమ్మడి ఆస్తి ఏదని అడిగితే నేను చెరువు అనే అంటాను.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఏళ్ల తరబడి పహాణీల్లో 'శిఖం' అని రాశాను. తూములు, కట్ట, ఆయకట్టు అన్నీ నా రిజిస్టర్లలో ఉండేవి. కానీ నా దృష్టిలో చెరువంటే ఒక సర్వే నంబరు, కొన్ని ఎకరాలు, కొన్ని గుంటలు. అది సర్వే నంబరు కాదని నాకు తెలిసిన రోజు గురించే ఈ ప్రసంగం.

మన చిన్నప్పటి చవితి

నా వయసు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. పండుగ ముందు రోజు కుమ్మరి తాత గంపలో వినాయకుళ్లను పెట్టుకుని ఇంటింటికీ వచ్చేవాడు. జానెడు విగ్రహం, కళ్లకు రెండు గురివింద గింజలు. డబ్బు అడిగేవాడు కాదు. మా అమ్మ చాటలో వడ్లు పోసి, మీద బెల్లం ముక్క పెట్టి ఇచ్చేది. ఆ మట్టి ఎండాకాలంలో మా ఊరి చెరువు అడుగున తవ్వింది. నానబెట్టి, రాళ్లు ఏరి, కాళ్లతో తొక్కి, నీడలో ఆరబెట్టేవారు. ఎండలో పెడితే పగులుతుందని మేం ముట్టుకోబోతే కసిరేవాళ్లు.

పత్రి కోసం పిల్లలం పొద్దున్నే బయలుదేరేవాళ్లం. పూజలో 21 పత్రాలు. మాచి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, తులసి, మామిడి, గన్నేరు, విష్ణుక్రాంత, దానిమ్మ, దేవదారు, మరువం, వావిలి, జాజి, గండకి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు. దేవదారు హిమాలయాల చెట్టు, మనకెక్కడిది? దొరకనివాటికి అక్షతలు వేయించేవారు అయ్యవారు. దొరికినవాటిలో ఒక్కో రెమ్మ తెంపేవాళ్లం. చెట్టును దూసి పోయడం పెద్దలు ఒప్పుకునేవారు కాదు. ఇవాళ సంతలో పత్రి పేరుతో అమ్మే కట్టలో ఏ ఆకు ఏదో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. మా మనవడికి గరిక చూపిస్తే "గడ్డి కదా తాతా" అన్నాడు. తప్పు వాడిది కాదు, చూపించని మనది.

పూజ అయ్యాక మూడో రోజో, తొమ్మిదో రోజో విగ్రహం చెరువుకు వెళ్లేది. నీటిలో పెట్టిన కాసేపటికే మెత్తబడి, తెల్లారేసరికి అడుగు మట్టిలో కలిసిపోయేది. చెరువు ఇచ్చిన పిడికెడు మన్ను చెరువుకే చేరేది. దానికి పర్యావరణ పరిరక్షణ అని ఎవరూ పేరు పెట్టలేదు. ఆ పేరు మాకు తెలియదు కూడా.

ఇంట్లోంచి వీధిలోకి

1893లో పుణెలో లోకమాన్య తిలక్ గణేశ ఉత్సవాన్ని వీధిలోకి తెచ్చారు. పరాయి పాలనలో జనం ఒకచోట కూడటానికి అది ఒక దారి. మన హైదరాబాదులో ఖైరతాబాద్ గణపతి 1954లో ఒకే ఒక్క అడుగు విగ్రహంతో మొదలై, ఏడాదికో అడుగు పెరుగుతూ 60 అడుగులకు చేరాడు. వీధి పండుగలో మంచి లేదని నేనను. కులం, వీధి, ఆఫీసు అన్న తేడా లేకుండా అందరూ ఒక పందిట్లో కూర్చునేది ఆ తొమ్మిది రోజులే. భూపాలపల్లిలో బొగ్గు గనులు వచ్చాక ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కార్మిక కుటుంబాలు చవితి పందిట్లో ఒక ఊరివాళ్లయిపోవడం మీరంతా చూశారు.

నేను జనగామలో ఇల్లు కట్టుకున్నాక మా కాలనీలోనూ పందిరి వేశాం. లెక్కలు రాయడం వచ్చు గనుక కోశాధికారి పని నాకే అప్పగించారు. రశీదు పుస్తకం చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదట్లో మా విగ్రహం నాలుగు అడుగులు, మా ఊరి కుమ్మరి చేతిదే. 1996లో పక్క వీధి వాళ్లు ఆరు అడుగుల ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ విగ్రహం తెచ్చారు. మెరిసే రంగులు, నున్నటి ముఖం. మా కమిటీకి నిద్ర పట్టలేదు. మరుసటి ఏడు మనం తొమ్మిది అడుగులది తేవాలని తీర్మానం చేశాం. ఆ తీర్మానం రాసింది ఈ చేయి. లారీ కిరాయితో సహా చందా వసూలు చేసిందీ ఈ చేయే.

ఆ సంగతి తెలియక కుమ్మరి ఎప్పటిలాగే కొలత అడగటానికి మా గుమ్మంలోకి వచ్చాడు. నేను కుర్చీలోంచి లేవకుండానే, ఈసారి పట్నం నుంచి తెస్తున్నామని చెప్పాను. ఆయన కోపగించుకోలేదు. "మంచిది సారూ. రంగు దేవుణ్ణి చూసినంక మా మన్ను దేవుడు మీ కంటికెట్ల ఆనుతడు" అని నవ్వి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వు అప్పుడు నాకు అర్థం కాలేదు.

నా మీద నేను పెట్టుకున్న ఫిర్యాదు

ఆ ఏడు నిమజ్జనం మహా వైభవంగా చేశాం. బ్యాండు, బాణసంచా, ఇరవై మంది మోసి నీళ్లలోకి దించారు. చెరువు అంచున లోతు లేదు. విగ్రహం నడుము దాకా మునిగి ఒరిగిపోయింది. 'అదే కరుగుతుంది లే' అని అందరం ఇళ్లకు వచ్చాం.

నిమజ్జనాలు ముగిసిన పక్షం రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ వస్తుంది. ఇది మనం మరచిపోయే విషయం. మనం వినాయకుణ్ణి వదిలిన నీటిలోకే, అదే రేవులోకి, మన ఇంటి ఆడవాళ్లు చెప్పులు లేకుండా బతుకమ్మలతో దిగుతారు. గునుగు, తంగేడు, బంతి, గుమ్మడి పూలు నీళ్లలో వదిలి, ఆ నీళ్లు నెత్తిన చల్లుకుంటారు.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం మా ఇంటావిడ బతుకమ్మను ఎత్తుకుని నీళ్లలోకి నాలుగు అడుగులు వేసింది. కాలు చుర్రుమన్నది. చీకట్లో ఏమీ కనపడలేదు. గట్టుకు వచ్చి చూస్తే పాదం చీలి ఉంది, లోపల ఇనుప చువ్వ ముక్క. తెల్లవారి నేను వెళ్లి చూశాను. మా తొమ్మిది అడుగుల విగ్రహం రంగు పోయి, తల విరిగి, కడుపులోంచి చువ్వలు బయటికి వచ్చి పడి ఉంది. ఏ దేవుడికి తొమ్మిది రోజులు హారతి ఇచ్చామో ఆ దేవుడి చెయ్యి మీద కుక్క నిలబడి ఉంది. ఆ దృశ్యం ఇప్పటికీ నాకు కలలో వస్తుంది.

మా ఆవిడకు అప్పటికే షుగరు ఉంది. ఆ గాయం మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక వేలు తీసేయవలసి వచ్చింది. ఆస్పత్రిలో ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి ఏడు బతుకమ్మ పేర్చి, కోడలి చేతికి ఇచ్చి, తాను గట్టు మీదే నిలబడిపోయింది. అప్పటి నుంచి ఆమె రేవు దిగలేదు. ఈ మాట ఇక్కడ చెప్పడానికి ఆమె అనుమతి తీసుకున్నాను. "చెప్పండి, నలుగురి కాళ్లయినా బాగుంటాయి" అన్నది.

ఎందుకు కరగదు?

ఆ తర్వాతే నేను దీని గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. జిప్సం అనే ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని నీరు ముప్పాతిక వంతు పోయి తెల్లటి పొడి అవుతుంది. అదే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. దానికి నీళ్లు కలిపితే నిమిషాల్లో మళ్లీ జిప్సం రాయిగా మారుతుంది. అంటే మనం నీళ్లలో వేస్తున్నది రాయిని. లీటరు నీటిలో రెండు గ్రాముల పైచిలుకు కరిగితే గొప్ప. అది నెలల తరబడి నాని, పెళ్లలు పెళ్లలుగా ఊడి, అడుగున పేరుకుంటుంది. పచ్చి మట్టికి ఆ బాధ లేదు. కాల్చలేదు గనుక నీళ్లు తగలగానే విడిపోతుంది.

ఇక రంగులు. రసాయన రంగుల్లో సీసం, క్రోమియం, కాడ్మియం వంటి లోహాలు ఉండవచ్చు. అవి నీటిలోకి, బురదలోకి, చేపల్లోకి చేరతాయి. మన చెరువుల్లో చేపపిల్లలు వదిలేది కూడా ఈ వానాకాలంలోనే. చువ్వలకు తగిలి వలలు చిరిగితే నష్టపోయేది చెరువునే నమ్ముకున్న మత్స్యకారులు. అందువల్ల ఒక హెచ్చరిక చేస్తున్నాను. మట్టి విగ్రహమైనా ఆయిలు పెయింటు పూస్తే సగం ప్రయోజనం పోయినట్టే. పసుపు, కుంకుమ, గేరు మట్టి, సున్నం చాలు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం మనకు సులభం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహాల నిమజ్జనంపై 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 మే నెలలో వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వాడరాదన్నది. 2021లో మన హైకోర్టు ఆ విగ్రహాలను హుస్సేన్‌సాగర్‌లో కలపరాదని ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి మాత్రం అనుమతించింది. 2022లో ఖైరతాబాద్‌లో మొదటిసారిగా 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో చేశారు. అంత పెద్ద ఉత్సవమే మారగలిగినప్పుడు మన వీధి పందిరి మారలేదా? ఉత్తర్వులు ఉన్నాయి. అమలు పరచేది ఎవరు అన్నదే ప్రశ్న. ఉత్తర్వు వచ్చినంత మాత్రాన ఫైలు కదలదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మట్టికి ఒక దారి ఉంది

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో పూడిక తీస్తుంటే రైతులు ట్రాక్టర్లతో ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. ఒండ్రు మట్టి పొలానికి బలం, పూడిక తీస్తే చెరువుకు బలం. ఆ మట్టిలోంచే కుమ్మరికి కుండ, మనకు వినాయకుడు. ఈ దారిలో ఎవరికీ నష్టం లేదు. మనం ఆ దారిని మధ్యలో తెంచి, తిరిగి వెళ్లని వస్తువును బయటి నుంచి తెచ్చి చెరువులో వేశాం. చెరువు నష్టపోయింది, కుమ్మరీ నష్టపోయాడు. అప్పటికే స్టీలు బిందెలు, ప్లాస్టిక్ కుండలు వచ్చి ఆయన సారె సగం ఆగింది. మిగిలిన సగాన్ని మన లాంటి కమిటీలు ఆపాయి.

నేను పదవీ విరమణ చేశాక ఆ కుమ్మరి ఇంటికి వెళ్లాను. ఆలస్యమైంది. ఆయన కాలం చేసి రెండేళ్లయింది. కొడుకు ఆటో నడుపుకుంటున్నాడు. సారె గోడకు ఆనించి ఉంది, దాని మీద బట్టలు ఆరేశారు. నేను వచ్చిన పని చెబితే అతను చాలాసేపు మాట్లాడలేదు. "నాకు సగమే వచ్చు సారూ, మా బాపు నేర్పుతుంటే ఇదేం బతుకని నేనే లేచిపోయిన" అన్నాడు. నేను మా కాలనీ తరఫున 40 చిన్న విగ్రహాలకు బయానా ఇచ్చాను. అందులో పది పగిలాయి, ముప్పై నిలిచాయి. ఒకటి రెండు వినాయకుళ్లకు తొండం వంకర పోయింది. మేం ఆ వంకర తొండాలకే పూజ చేశాం. ఇప్పుడతను ఏటా ఆషాఢం నుంచే పని మొదలుపెడతాడు. ఆటో మానలేదు. మానమని చెప్పే ధైర్యం నాకూ లేదు, ఒక్క నెల పనితో ఏడాదంతా ఇల్లు గడవదు గదా.

వీధి విగ్రహం విషయంలో నాకు పూర్తి విజయం దక్కలేదు. కాలనీ యువకులను కూర్చోబెట్టి మా ఆవిడ కాలి సంగతి చెప్పాను. అంతవరకు ఫోన్లు చూసుకుంటున్న వాళ్లు తలలెత్తారు. ఆ ఏడు నాలుగు అడుగుల మట్టి విగ్రహం పెట్టారు. మూడేళ్లు అలాగే సాగింది. నాలుగో ఏడు కొత్త కమిటీ వచ్చి మళ్లీ రంగుల విగ్రహం తెచ్చింది. నేను అలిగి పందిట్లోకి వెళ్లలేదు. అది నా రెండో తప్పు. పెద్దవాడు అలిగితే పిల్లలకు సులువు. మరుసటి ఏడు వెళ్లి, మళ్లీ లెక్కల పుస్తకం అడిగి తీసుకున్నాను. ఖర్చు ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే చెల్లుతుంది గదా! మళ్లీ మట్టి విగ్రహం వచ్చింది.

కొందరు మిత్రులు "చిన్న విగ్రహం పెడితే భక్తి తక్కువ అనుకోరా?" అని అడుగుతారు. పార్వతీదేవి గణపతిని చేసింది నలుగు పిండితోనని ప్రతి ఏడు కథలో వింటూనే ఉన్నాం. తల్లి చేతిలో పట్టేంత ముద్ద అది. కొలత టేపుతో భక్తిని కొలిచే నిబంధన ఏ వ్రత పుస్తకంలోనూ నాకు కనపడలేదు.

సంఘానికి నా విజ్ఞప్తులు

ఇక నోటు చివరికి వచ్చాను. అధ్యక్షుల వారి ఆమోదం కోసం ఈ కింది అంశాలు సమర్పిస్తున్నాను.

1. మూడు శాఖల్లోనూ సభ్యులందరి ఇళ్లకు స్థానిక కుమ్మరుల దగ్గర నుంచే మట్టి విగ్రహాలు కొందాం. కాలుష్య నియంత్రణ మండలి, కొన్ని సంస్థలు ఉచితంగా పంచుతున్నాయి, సంతోషం. కానీ మనం డబ్బిచ్చి కొందాం. బయానా రెండు నెలల ముందే ఇవ్వాలి, అప్పుడే ఆరడానికి వ్యవధి ఉంటుంది.

2. ఇంటి విగ్రహాన్ని బకెట్ నీళ్లలో నిమజ్జనం చేసి, కరిగిన మట్టిని తులసి కోటలోనో, పూల కుండీలోనో పోద్దాం. నిమజ్జనానికి ముందు పూలు, పత్రి, వస్త్రం, ప్లాస్టిక్ అలంకారాలు తీసి పక్కన పెట్టాలి. పత్రి ఎరువు అవుతుంది, ప్లాస్టిక్ కాదు.

3. పత్రికి కొమ్మలు విరవకుండా ఒక్కో రెమ్మ చాలు. మనవళ్లను వెంట తీసుకెళ్లి, ఏ ఆకు ఏదో చూపిద్దాం. దొరకనివాటికి అక్షతలు ఉండనే ఉన్నాయి.

4. వీధి పందిళ్ల కమిటీల్లో మన సభ్యుడు ఒకరైనా ఉండాలి, వీలైతే లెక్కలు చూసే పనిలో. కరెంటు కనెక్షన్ పద్ధతి ప్రకారం తీసుకోవాలి. రాత్రి 10 దాటాక మైకు ఆపాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెప్పేదీ అదే. మనలో గుండె జబ్బు వాళ్లు ఎందరున్నారో మనకు తెలుసు.

5. నిమజ్జనాలు ముగిశాక, ఎంగిలిపూల బతుకమ్మకు ముందు వచ్చే ఆదివారం, మునిసిపాలిటీ వారిని, కాలనీ యువకులను కలుపుకుని చెరువు రేవులు శుభ్రం చేయిద్దాం. చువ్వలు, పెళ్లలు ఏరించుదాం. మనం నీళ్లలోకి దిగలేకపోయినా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చోగలం. పెద్దలు కూర్చుని చూస్తున్నారంటే పిల్లలు పని సగంలో వదిలిపోరు.

మిత్రులారా! మనం ఉద్యోగంలో ఉన్నంత కాలం సంతకం చేసి ఫైలు పక్క టేబుల్‌కు పంపించాం. ఇప్పుడు పంపడానికి పక్క టేబుల్ లేదు. మనం చెరువులో వేసింది మన మనవళ్ల కాళ్లకే తగులుతుంది.

నిరుడు మా కాలనీ రేవు బాగుచేశాం. బతుకమ్మ నాడు మా ఆవిడను రేవు దాకా రమ్మన్నాను. "మోకాళ్లు సహకరించవు" అన్నది. మోకాళ్ల నొప్పులు నిజమే గానీ, అసలు కారణం నాకు తెలుసు. మళ్లీ అడగలేదు. ఈ ఏడు మళ్లీ రేవు శుభ్రం చేయిస్తాను, మళ్లీ అడుగుతాను. ఒక్క మెట్టు దిగినా నా ఫిర్యాదు ఫైలు మూసేస్తాను. దిగకపోతే వచ్చే ఏటికి పెండింగులో ఉంచుతాను.